బరి గీసిన చోటు

జనవరి మొదటి వారం దాటిందంటే మా వైపు పేపర్ల జిల్లా పేజీల్లో ఒక మాట రోజూ కనిపిస్తుంది: బరి. ఫలానా ఊరి తోటలో పందేలకు బరులు సిద్ధమవుతున్నాయని ఒక వార్త, పోలీసులు వెళ్లి బరులను ట్రాక్టరుతో దున్నించేశారని దాని పక్కనే ఇంకో వార్త. కబడ్డీ లీగు నడిచే రోజుల్లోనైతే ఆటల పేజీలో తెలుగు టైటాన్స్ జట్టు బరిలో దిగుతుంది. ఎన్నికల ఏడాదైతే నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసిన సాయంత్రం, నియోజకవర్గం బరిలో ఎంతమంది మిగిలారో లెక్క వస్తుంది. పందెం పుంజుకీ, కబడ్డీ ఆటగాడికీ, ఎమ్మెల్యే అభ్యర్థికీ ఒకే మాట ఎలా సరిపోయింది?

మా ఏలూరు జిల్లా గుండుగొలను సెంటర్లో టీకొట్టు దగ్గర పేపరు తిరగేస్తున్న ఎవరిని అడిగినా బరి అంటే పోటీ జరిగే చోటని చెబుతారు. ఇప్పటి వాడుకలో అది సరైన జవాబే. కానీ ఈ మాట మొదట చెప్పింది చోటును కాదు, గీతను. పాత నిఘంటువులు తెరిస్తే బరికి ఎల్ల, హద్దు, గీత అన్న అర్థాలు కనిపిస్తాయి. చెడుగుడు ఆడేటప్పుడు రెండు జట్ల మధ్య గీసే గీతే బరి. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న నేలంతా బరి అయింది తర్వాతే.

నిఘంటువు అక్కర్లేదు, మన నోళ్లలోనే సాక్ష్యం ఉంది. ఎదిరించి నిలబడ్డవాణ్ణి బరి గీసి నిలబడ్డాడంటాం. మర్యాద మీరినవాణ్ణి బరితెగించాడంటాం. చోటు అన్న అర్థం పెట్టుకుని ఈ రెండు మాటల్నీ విప్పి చూడండి, కుదరదు. చోటును గీయడం ఉండదు, తెంచడమూ ఉండదు. గీత అనుకుంటే రెండూ చక్కగా అర్థమవుతాయి. గీసేదీ గీతే, తెంచుకుని దాటేదీ గీతే. ఒక మాటకు అర్థం మారిపోయినా, దానితో కట్టిన జాతీయాల్లో పాత అర్థం అలాగే ఉండిపోవడం భాషల్లో తరచూ జరిగేదే.

ఇక్కడ ఒక పొరపాటు పడకుండా చూసుకోవాలి. బరిబాతల అన్న మాటలోని బరికీ దీనికీ సంబంధం లేదు. అది వట్టి, ఉత్త అనే అర్థం ఉన్న వేరే మాట. కన్నడిగులు ఈనాటికీ వట్టిది అనడానికి బరి అంటారు. మన గీత బరికి చుట్టాలు వేరే ఉన్నారు. తమిళంలో వరి అంటే చార, గీత. వరై అంటే గీయడం, అదే మాట హద్దు అనే అర్థంలోనూ వస్తుంది. కన్నడంలో బరె అంటే రాయడం, వాత, గీత. తమిళ మాటల మొదట్లో ఉన్న వకారం కన్నడంలో బకారం కావడం మామూలు సంగతి, వేరు అక్కడ బేరు అయినట్టు. ఈ పోలికల వల్ల మన బరికి గీత కుటుంబంతో చుట్టరికం ఉందన్న మాట నాకు నమ్మదగ్గదిగానే కనిపిస్తుంది.

గీత పేరు నేలకు పాకడం తెలుగుకు మాత్రమే పట్టిన విశేషమా? ఆటస్థలాల పేర్లు చాలా దేశాల్లో ఇలాగే పుట్టాయి. కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో వస్తువును పట్టుకున్నారు. పక్కన పెట్టి చూడటానికి చాలా దూరంలో ఉన్న ఒక ఉదాహరణ తీసుకుంటాను, ఎందుకంటే మన బరిని అది బాగా తేటపరుస్తుంది.

స్పెయిన్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య పిరనీస్ కొండలున్నాయి. ఆ కొండల పడమటి కొసన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున, బాస్కులనే జనం ఉంటారు. వాళ్ల భాష ఎయుస్కెరా. చుట్టుపక్కల ఏ భాషతోనూ దానికి చుట్టరికం తేలలేదు. వాళ్ల పల్లెల్లో చర్చి పక్కనే ఎత్తయిన రాతి గోడ ఒకటి నిలబడి ఉంటుంది. దాని ముందు చదును చేసిన నేల. ఆ గోడకేసి బంతి కొడతారు, తిరిగి వచ్చిన బంతిని రెండోసారి నేల తాకకముందే ఎదుటి జట్టు మళ్లీ గోడకు కొట్టాలి. ఒట్టి అరచేత్తో కొట్టేవాళ్లున్నారు, చెక్క బద్దతో కొట్టేవాళ్లున్నారు, చేతికి అల్లిన బుట్ట కట్టుకుని విసిరేవాళ్లున్నారు. ఈ ఆటలన్నిటికీ కలిపి పెలోటా అని పేరు. పెలోటా అంటే బంతే. లాటిన్‌లో బంతికి ఉన్న పిలా అనే మాట నుంచి వచ్చింది.

ఆ ఆడే చోటును ఫ్రంటాన్ అంటారు. ఇదే నేను చెప్పదలచుకున్న మాట. లాటిన్‌లో ఫ్రోన్స్ (frons) అంటే నుదురు. నుదురులా ఎదురుగా నిలబడింది కాబట్టి గోడ ఫ్రంటాన్ అయింది. తర్వాత గోడతో పాటు దాని ముందున్న నేల, పక్క గోడ, జనం కూర్చునే అరుగులు, చివరికి ఆటకోసం కట్టిన భవనం మొత్తం ఫ్రంటానే అయిపోయింది. బాస్కు భాషలో దానికి పిలొటలెకు అని సొంత మాట కూడా ఉంది, బంతి ఆడే చోటని అర్థం. అయినా ప్రపంచానికి తెలిసింది గోడ పేరే.

ఎందుకు గోడ? గోడ లేకపోతే ఆ ఆట లేదు కాబట్టి. నేల కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా సర్దుకుంటారు, బంతి కొంచెం బరువెక్కువైనా ఆడతారు, గోడ లేకుండా ఒక్క దెబ్బ కూడా సాగదు. ఏది లేకపోతే ఆట ఆగిపోతుందో దాని పేరే ఆడే చోటుకు వచ్చింది. మన దగ్గర గీతకు అదే గౌరవం దక్కింది.

బాస్కుల కథలో ఇంకా ఆసక్తి కలిగించే మలుపు ఒకటుంది. ఈ గోడ ఆట వాళ్లకు మొదటి నుంచీ ఉన్నది కాదు. ఫ్రాన్సులో రాజులు అరచేత్తో ఆడిన పాత బంతాట నుంచి దిగివచ్చిన ఆటలే అంతకుముందు బాస్కు ఊళ్లలో నడిచేవి. లాషోవా, రెబోటే అనేవి ఆ కోవలోవి. వాటిలో జట్లు ఎదురెదురుగా నిలబడతాయి, మధ్యలో గీత. బంతి ఆగిపోయిన చోట నేలమీద ఒక గుర్తు పెడతారు. తర్వాత జట్లు పక్కలు మార్చుకుంటాయి, ఆ గుర్తును దాటించగలిగారా లేదా అన్నదాన్ని బట్టి పాయింటు తేలుతుంది. ఆ గుర్తుకు వాళ్ల పేరు అర్రాయా. గీత అని అర్థం. అంటే ఒకప్పుడు వాళ్లదీ గీత ఆటే.

మార్పు తెచ్చింది రబ్బరు. అమెరికా ఖండం నుంచి రబ్బరు వచ్చి బంతి గుండెలోకి చేరాక బంతికి ఎగిరే గుణం పెరిగింది. ఎదుటి మనిషికి కొట్టడం కన్నా గోడకు కొడితే ఆట వేగంగా, కళ్లకు నిండుగా ఉందని 19వ శతాబ్దంలో పల్లెలు కనిపెట్టాయి. అదే శతాబ్దం మధ్యలో ఫ్రెంచి వైపు బాస్కు ఊళ్లలో అల్లిక బుట్టను చేతికి కట్టుకుని విసరడం మొదలైంది. చేతికి నొప్పి తగ్గింది, వేగం పెరిగింది. వేగం పెరిగేకొద్దీ ఆడే చోటు పొడవు పెరిగింది. బుట్టతో ఆడే ఆటకు ఇప్పుడు 54 మీటర్ల పొడవున్న చోటు కావాలి. ముందు గోడ, ఎడమ గోడ, వెనక గోడ కడతారు, కుడివైపు జనం చూడటానికి తెరిచి ఉంచుతారు. 1979లో అమెరికాలోని న్యూపోర్టులో ఒక ఆటగాడు విసిరిన బంతి గంటకు 302 కిలోమీటర్ల వేగం అందుకుంది. గట్టిగా చుట్టిన రబ్బరు మీద మేకతోలు రెండు పొరలు కుట్టిన బంతి అది, బరువు 125 నుంచి 140 గ్రాములు.

గోడ ఆట అయినంత మాత్రాన గీత పోలేదు. ముందు గోడ అడుగున, నేలకు సుమారు మీటరు ఎత్తులో, గోడ వెడల్పంతా ఒక లోహపు పట్టీ బిగిస్తారు. దాన్ని చాపా అంటారు. బంతి దానికి పైన తగిలితే ఆట సాగుతుంది. పట్టీకి తగిలితే ఠంగుమని మోగుతుంది, మైదానం చివర కూర్చున్నవాడికి కూడా ఆ దెబ్బ చెల్లలేదని తెలిసిపోతుంది. కంటికి అందని వేగంలో హద్దును చెవికి అప్పజెప్పిన ఈ ఏర్పాటు నాకెంతో నచ్చుతుంది. నేలమీద కూడా వరుసగా అంకెలు వేసిన గీతలుంటాయి. సర్వీసు బంతి నాలుగో గీతకూ ఏడో గీతకూ మధ్య పడాలి.

ఈ బుట్ట ఆటకు బయట ప్రపంచంలో ఉన్న పేరు జై అలై. మన కంటికి జై అన్న అక్షరం కనబడగానే జయం గుర్తొస్తుంది, ఆ జైకీ మన జైకీ పోలిక ఏమీ లేదు. స్పానిష్ నోట అది హై అలై అని పలుకుతుంది. బాస్కులో జై అంటే పండుగ, అలై అంటే సంతోషం నిండినది. సెరఫీన్ బరోహా అనే రచయిత ఈ జంటను కూర్చాడని చెబుతారు. తమాషా ఏమిటంటే అది ఆటకు పెట్టిన పేరు కాదు, ఆడే భవనానికి పెట్టిన పేరు. సాన్ సెబాస్టియన్‌లో ఒక ఫ్రంటాన్‌కు ఆ పేరుండేది, 1901లో క్యూబా రాజధాని హవానాలో తెరిచిన ఫ్రంటాన్‌కూ అదే పెట్టారు. అక్కడి జనం భవనం పేరునే ఆటకు అంటించారు. స్వదేశంలో బాస్కులు ఈ ఆటను సెస్టా పుంటా అంటారు, బుట్ట కొన అని. గోడ పేరు చోటుకూ, చోటు పేరు ఆటకూ వచ్చాయన్నమాట. మన బరి కూడా ఇలాగే కాళ్లొచ్చి నడిచింది.

పండుగ పేరు పెట్టుకున్న ఆట ఎక్కడికి వెళ్లినా పందేన్ని వెంట తీసుకెళ్లింది. హవానా, మయామీ, మనీలాలలో ఫ్రంటాన్‌లు జనంతో కిటకిటలాడింది బంతి కోసమే కాదు, దాని మీద కాసే డబ్బు కోసం కూడా. మనీలాలో 1940లో కట్టిన జై అలై భవనం ఆసియాలోనే పేరుమోసినది, 2000లో దాన్ని కూలగొట్టారు. ఫ్లోరిడాలో కార్డు గదులు నడుపుకోవాలంటే ఈ ఆట కూడా జరిపి తీరాలనే చట్టం ఉండేది, 2021లో ఆ ముడి విప్పేశారు, చాలా చోట్ల ఆట ఆగిపోయింది. ఆటను డబ్బు పోషించినంత కాలం నడిచింది, డబ్బు వేరే దారి చూసుకోగానే ఆగింది. పందేల జిల్లాలో ఉన్నవాళ్లం ఈ ముక్క మీద కాసేపు నిలబడాలి.

ఇక మన నేలకు వద్దాం. గుండుగొలను నుంచి ఉత్తరానికి వెళితే మెట్ట, దక్షిణానికి వెళితే చేపల చెరువులు, వాటి వెనక కొల్లేరు సరస్సు. ఊరి పేరులోనే కొలను ఉంది. డెల్టా వైపు సార్వా కోతలై కుప్పలు ఊడ్చాక, దాళ్వా నాట్లకు నీళ్లు పెట్టేలోపు, చేలు ఖాళీగా ఉండే సందు కొంచెమే. సంక్రాంతి సరిగ్గా ఆ సందులో వస్తుంది. కోసిన చేలో నేల పగుళ్లు ఇవ్వకముందు మెత్తగా ఉంటుంది, పడినా మోకాళ్లు పోవు. చెడుగుడు ఆడటానికి అంతకన్నా మంచి చోటు లేదు.

దానికి కావలసిన సరంజామా ఏమిటి? బంతి అక్కర్లేదు, బ్యాటు అక్కర్లేదు, గోడ అంతకన్నా అక్కర్లేదు. ఒకడు మడమ ఆనించి వెనక్కి నడుచుకుంటూ మట్టిలో గాడి తీస్తాడు. వరిదుబ్బులు అడ్డొచ్చిన చోట కాలితో తన్ని మళ్లీ సరిచేస్తాడు. గాడి సరిగ్గా కనబడకపోతే ఇంట్లోంచి ముగ్గుపిండో, పొయ్యి బూడిదో తెచ్చి పోస్తారు. అంతే, బరి అయింది. దాంతోపాటు ఆటస్థలమూ అయింది. ఆ గీత గీయకముందు అది చేను. గీసిన మరుక్షణం అటు ఒక జట్టు, ఇటు ఒక జట్టు. మిగతా హద్దులు ఏ గట్టుతోనో సరిపెట్టుకుంటారు, కొన్నిసార్లు అవీ ఉండవు. మధ్య గీత మాత్రం ఉండి తీరాలి.

ఆట అర్థం కూడా ఆ గీతలోనే ఉంది. కూతకు వెళ్లినవాడు బరి దాటిన క్షణం నుంచి అతని ఊపిరికి లెక్క మొదలవుతుంది. చెడుగుడు చెడుగుడు అంటూ గుక్క విడవకుండా ఎదుటివాళ్లను తాకాలి, ఊపిరి తెగకముందు తిరిగి రావాలి. నలుగురు మీద పడి కాళ్లు, నడుము, మెడ బిగించి పట్టుకున్నా, కూత ఆగకుండా చేయి చాచి బరి మీద వేలి కొన ఆనించగలిగితే అతను బతికినట్టే. అతణ్ణి పట్టుకున్నవాళ్లంతా ఔటు. వేలికీ గీతకూ మధ్య జానెడు దూరంలో ఊపిరి అయిపోతే, అతనే ఔటు. ఆ పెనుగులాటలో నేలమీద ఈడ్చుకుపోతున్న చేతిని ఒకసారి దగ్గర నుంచి చూస్తే, తెలుగువాడు ఆటస్థలాన్ని గీత పేరుతో ఎందుకు పిలిచాడో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ ఆట పేర్లలో మరో పద్ధతి కూడా ఉంది. మనకు చెడుగుడు, తమిళులకు సడుగుడు, మరాఠీవాళ్లకు హుతుతు, బెంగాలీవాళ్లకు హాడుడు. ఇవి అన్నీ ఆటగాడు గుక్క పట్టి పలికే చప్పుళ్లే. కబడ్డీ అన్న మాటకు తమిళంలో చేయి పట్టుకోవడం అనే అర్థం చెప్పేవాళ్లున్నారు, మిగతా పేర్లన్నీ కూత పేర్లుగా కనిపిస్తుండగా ఇదొక్కటే వేరే దారిన వచ్చిందనడం నాకు అంత సులువుగా మింగుడుపడదు. ఏమైనా, మన దగ్గర ఆటకు పేరు కూత ఇచ్చింది, ఆటస్థలానికి పేరు గీత ఇచ్చింది. రెండూ ఒట్టి మనిషి దగ్గర ఉండేవే, కొని తెచ్చుకునేవి కావు.

గీత నుంచి గోదాకు బరి ఎలా నడిచింది? చెడుగుడులో బరిలోకి వెళ్లడమంటే గీత దాటి ఎదుటివాళ్ల ఇలాకాలోకి వెళ్లడమే. వెళ్లడం, దిగడం అనే క్రియలు గీతతో కన్నా చోటుతో బాగా పొసుగుతాయి. కొన్నాళ్లకు బరిలో దిగాడు అన్నప్పుడు వినేవాడి మనసులో గీత మాసిపోయి నేల నిలిచింది. కోడిపందేల్లోనూ ఇదే జరిగింది. పుంజుల్ని వదిలేందుకు చుట్టూ గీత గీసి, జనం దాన్ని దాటి లోపలికి రాకుండా చూసేవాళ్లు. తలపడలేక బరి దాటి పారిపోయిన పుంజు ఓడినట్టే లెక్క. అంటే అక్కడా గెలుపోటములు తేల్చింది హద్దే. ఇప్పుడు ఆ గీత చోట ఇనుప కంచెలు, గ్యాలరీలు, దీపాలు, తెరలు వచ్చాయి, బరి అనే మాట ఆ ఏర్పాటంతటికీ చెల్లిపోయింది. ఎన్నికల వార్తలకు వచ్చేసరికి నేల కూడా లేదు, పోటీ మాత్రమే మిగిలింది.

కోడిపందెం మన సాహిత్యంలో పాతదే. ఓరుగల్లు వీధుల్ని చూపించే క్రీడాభిరామంలో అది ఉంది. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇలాంటి వినోదాల్ని కావ్యాల నుంచి ఏరి మనకు చూపించారు. పాతదన్నంత మాత్రాన మంచిదనడం లేదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం రెండూ దాన్ని నేరంగానే చూస్తాయి. కాలికి కత్తి కట్టిన పుంజు నిమిషాల్లో నేలకొరుగుతుంటే దాని మీద ఇళ్లు, పొలాల పత్రాలు చేతులు మారుతున్నాయి. నా బాధ ఇంకొకటి కూడా. బరి అనే ఇంత చక్కని ఆటమాట మా జిల్లా పిల్లల చెవుల్లో కత్తికీ, పందేనికీ పర్యాయపదం అయిపోయింది. చెడుగుడు బరిని వాళ్లు చూడకముందే కోళ్ల బరిని చూస్తున్నారు.

గీతకూ, గోడకూ తోడు మూడో దారి కూడా ఉంది, అది ఆవరణ. మనం రోజూ అనే కోర్టు ఆ దారిన వచ్చినదే. దాని మూలం లాటిన్‌లో చుట్టూ కంచె ఉన్న పెరడు. రాజు ఇంటి పెరట్లో తీర్పులు చెప్పారు కాబట్టి న్యాయస్థానం కోర్టు అయింది, అలాంటి పెరట్లోనే బంతి ఆడారు కాబట్టి ఆటస్థలమూ కోర్టే అయింది. ఏలూరు జిల్లా కోర్టూ, ఊరి షటిల్ కోర్టూ ఒకే మాట. స్పానిష్‌వాళ్లు ఆటస్థలాన్ని కాంచా అంటారు, జై అలై ఆడే నేలకు కూడా ఆ పేరు వాడతారు. అది దక్షిణ అమెరికాలోని కెచువా భాషలో కంచె వేసిన ఆవరణకు ఉన్న మాట. కెచువా కాంచాకూ మన కంచెకూ చప్పుడు కలిసింది గానీ చుట్టరికం లేదు, ఆ రెండింటినీ ముడిపెట్టే కథనాలు వింటే నమ్మకండి.

ఇంగ్లీషు ఆటలతో పాటు కోర్టు వచ్చాక బరి వాటి దగ్గరకు వెళ్లలేదు. బాల్ బ్యాడ్మింటన్ సంగతే చూడండి. పసుపుపచ్చని ఉన్ని బంతితో జట్టుకు ఐదుగురు చొప్పున ఆడే ఆ ఆట దక్షిణాదిలో పుట్టి పెరిగింది, కోస్తా ఊళ్లలో ఒక తరం మొత్తం సాయంత్రాలు దానితోనే గడిపింది. కృష్ణా జిల్లాలో పుట్టి వరంగల్లులో స్థిరపడ్డ జమ్మలమడక పిచ్చయ్య గారికి 1970లో ఆ ఆటలో అర్జున అవార్డు వచ్చింది, ఆ ఆటకు వచ్చిన మొదటి అర్జున అది. అంతగా మనదైన ఆటలో కూడా ఆడే చోటు కోర్టే, బరి కాలేదు. మధ్యలో వల ఉంది, దాటి వెళ్లే పనిలేదు. దాటడంతో గెలుపోటములు తేలే గీత ఉన్న చోటే బరి అన్నారు మనవాళ్లు. ఈ తేడా ఎవరో కూర్చుని నిర్ణయించింది కాదు, ఆడేవాళ్ల చెవికి తోచింది.

ఇప్పటి కబడ్డీ నియమాల్లోకి వస్తే గీతల సంఖ్య పెరిగింది. 1918లో మహారాష్ట్రలోని సతారాలో ఆటకు ఒక రూపు ఇచ్చారు, 1923లో బరోడాలో నియమాలు అచ్చయ్యాయి, 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో చోటు దొరికింది. మగవాళ్ల ఆటస్థలం 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఆడవాళ్లకు 12, 8. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దూరంలో, ఆడవాళ్ల ఆటలోనైతే 3 మీటర్ల దూరంలో, బాక్ లైన్ అనే ఇంకో గీత ఉంటుంది. కూతకు వెళ్లినవాడు ఎవరినీ తాకలేకపోతే కనీసం ఆ గీతనైనా దాటి రావాలి, లేకపోతే ఔటు. భయపడి బరి పక్కనే తచ్చాడి వెనక్కి వచ్చేయడం కుదరదన్నమాట. దానికి మీటరు అవతల బోనస్ గీత. గీతల మందం 3 నుంచి 5 సెంటీమీటర్లు, గీత కూడా ఆటస్థలంలో భాగమే. గుక్కకు కొలత కట్టి 30 సెకన్లు చేశారు.

ఆడపిల్లల ఆట గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. బరితెగించింది అన్న తిట్టు మన ఇళ్లలో ఎక్కువగా ఆడపిల్లల మీదే పడింది. మగపిల్లవాడికి సాహసం అనిపించుకున్నది ఆడపిల్లకు హద్దు మీరడం అయింది. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మహిళల కబడ్డీ మొదటిసారి చేరింది, స్వర్ణం మన దేశానికే వచ్చింది. ఇప్పుడు మా వైపు హైస్కూళ్లలో అమ్మాయిలు కూతకు వెళ్లి బరి దాటి, పాయింట్లు తెచ్చి, తిరిగి దాటుతున్నారు. ఆ తిట్టులో ఉన్న గీత, ఈ ఆటలో ఉన్న గీత మాటలో ఒకటే. ఆటలో గీతను రెండు జట్లూ చూస్తుండగా గీస్తారు, ఇద్దరికీ ఒకే కొలత. తిట్టులో ఉన్న గీతను గీసేటప్పుడు ఆడపిల్లలను ఎవరూ పిలవలేదు.

గీతను ఎవరు గీశారన్నది కొల్లేరు పక్కన బతికేవాళ్లకు పుస్తకాల ప్రశ్న కాదు. 1999లో సరస్సును పక్షుల అభయారణ్యంగా ప్రకటించినప్పుడు హద్దుగా తీసుకున్నది ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తును కలుపుతూ మ్యాపు మీద నడిచే గీత. 2006లో ఆ గీత లోపలున్న చేపల చెరువుల గట్లు కొట్టేశారు. నేలమీద కనిపించని ఆ గీత గురించి లంక గ్రామాల్లో ఇప్పటికీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. దాని మంచిచెడ్డలు వేరే వ్యాసమే అవుతాయి.

కబడ్డీ వ్యాఖ్యానంలో ఇప్పుడు రైడ్, ట్యాకిల్, బోనస్, లాబీ వినిపిస్తున్నాయి. అవి ఉండనివ్వండి, దేశమంతా ఒకే నియమాలతో ఆడేటప్పుడు ఒకే మాటలు పనికొస్తాయి. బాస్కు పల్లెల్లో రెబోటే ఆడేవాళ్లు తక్కువే అయినా అర్రాయాను అర్రాయా అనే అంటున్నారు. మనం కూడా కూతను కూత, పట్టును పట్టు అని అనడానికి ఏ నియమమూ అడ్డు రాదు. బడి మైదానంలో డ్రిల్లు మాస్టారు తాడు లాగి, మేకులు దిగ్గొట్టి, సున్నం పోసి కోర్టు గీస్తుంటారు. అందులో మొట్టమొదట గీయాల్సింది మధ్య గీత. దాన్ని గీస్తున్నప్పుడు మిడ్‌లైన్ అనడంతో పాటు, ఇది బరి అని పిల్లలకు ఒకసారి చెప్పాలి. ముగ్గురో నలుగురో పిల్లలు బరి అంటే కోడిపందెం కదా మాస్టారూ అంటారు. అప్పుడు బరి గీయడం, బరితెగించడం అనే రెండు జాతీయాల్నీ బోర్డు మీద రాసి విప్పి చూపిస్తే సరిపోతుంది.